బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్: జీమెయిల్, యాపిల్ మెయిల్, అవుట్‌లుక్, థండర్‌బర్డ్ ఏం చూపిస్తాయి, ఏం దాస్తాయి

"24 గంటల్లో మీ ఖాతా నిలిచిపోతుంది. కింది బటన్ నొక్కి వివరాలు సరిచూసుకోండి" అంటూ బ్యాంకు లోగోతో ఒక మెయిల్ వచ్చిందనుకుందాం. అది అసలుదో నకిలీదో తేల్చే ఆధారం కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మెయిల్‌తోపాటే వచ్చేస్తుంది. చాలాసార్లు ఒక్క ముక్కలో తేలిపోతుంది కూడా: పంపిన చిరునామాలో యాట్ గుర్తు తర్వాత ఉండే పేరు, అంటే డొమైన్, ఏమిటి? ఆ ముక్కను మెయిల్ యాప్ మన కళ్ల ముందు పెడుతోందా, మెనూల వెనక దాచేస్తోందా అన్నదే ఈ సమీక్షకు కొలబద్ద. జీమెయిల్, యాపిల్ మెయిల్, అవుట్‌లుక్, థండర్‌బర్డ్ నాలుగింటినీ ఈ ఒక్క పని మీదే తూచాం. అందం, వేగం, స్టోరేజీ మన లెక్కలోకి రావు. జీమెయిల్ 99.9 శాతానికి పైగా చెత్తనూ ఫిషింగ్‌నూ (వివరాలు కాజేసే నకిలీ మెయిళ్లనూ) ఆపేస్తుందని గూగుల్ చెప్పుకుంటుంది. కావచ్చు. మన గొడవంతా ఆ జల్లెడలోంచి జారి ఇన్‌బాక్స్‌లో పడ్డ మెయిల్‌తోనే.

ముందుగా ఒక పాత సలహాను అటక మీదకు ఎక్కించాలి. స్పెల్లింగ్ తప్పులుంటే నకిలీ అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఇప్పుడు దొంగలు అసలు బ్యాంకు మెయిల్‌నే ఎత్తుకొచ్చి మూసగా వాడుతున్నారు. లోగో, రంగులు, అడుగున చట్టపరమైన హెచ్చరిక, "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి" అన్న బోధ సహా అంతా అసలుదే. అడుగున ఉన్న ప్రైవసీ పాలసీ, సంప్రదించండి లాంటి లింకులు నిజంగానే బ్యాంకు సైటుకే వెళ్తాయి. మధ్యలో ఉన్న పెద్ద బటన్ ఒక్కటే దొంగది. అనుమానం వచ్చినవాళ్లు అడుగున ఒకటి రెండు లింకులు నొక్కి చూసి "అసలుదేలే" అని ఊపిరి పీల్చుకుని, చివరికి బటన్ నొక్కేస్తారు. భాష బాగుంటే అసలుది అనుకోవడం ఎంత పొరపాటో, అడుగు లింకులు సరైన చోటికి వెళ్తున్నాయి కదా అనుకోవడమూ అంతే పొరపాటు.

యాప్‌ల దగ్గరికి వెళ్లేముందు, వెనకాల జరిగే మూడు పరీక్షల సంగతి కాస్త తెలియాలి. మెయిల్‌కు కవరు ఒకటి, లోపలి ఉత్తరం ఒకటి. కవరు మీద ఉండే చిరునామా సర్వర్ల మధ్య వ్యవహారం, మనకు కనబడదు. ఉత్తరం మీద ఉండే "ఫ్రమ్" పేరే మనం చదివేది. ఎస్‌పీఎఫ్ అన్న పరీక్ష కవరు మీది డొమైన్‌ను మాత్రమే చూస్తుంది: ఆ డొమైన్ తరఫున మెయిల్ పంపే అనుమతి ఈ సర్వర్‌కు ఉందా లేదా. డీకిమ్ అన్నది డిజిటల్ సంతకం: ఫలానా డొమైన్ సంతకం చేసింది, సంతకం చేసిన భాగం దారిలో మారలేదు. ఈ రెండూ ఫ్రమ్ చిరునామాను పట్టించుకోవు. 2012లో వచ్చిన డీమార్క్ ఆ లోటు తీర్చింది. కవరు డొమైనో సంతకం డొమైనో, రెండింటిలో కనీసం ఒకటైనా ఫ్రమ్‌లో కనబడే డొమైన్‌తో కలవాలంటుంది. కలవకపోతే ఏం చేయాలో ఆ డొమైన్ యజమానే ముందుగా రాసిపెడతాడు: ఏమీ చేయొద్దు, స్పామ్‌లో వెయ్యి, తిప్పికొట్టు. మూడో మాట రాసిపెట్టిన బ్యాంకు అసలు డొమైన్‌ను ఫ్రమ్‌లో పెట్టుకుని దొంగ మెయిల్ పంపడం చాలా కష్టం. అందుకే దొంగలు ఆ దారి వదిలేసి, పోలికగా ఉండే సొంత డొమైన్ కొనుక్కుంటున్నారు. ఈ సమీక్షంతా ఈ చిన్న మెలిక చుట్టూనే తిరుగుతుంది: దొంగ తన సొంత డొమైన్‌కు మూడు పరీక్షలూ చక్కగా అమర్చుకుంటే మూడింటికీ "పాస్" పడుతుంది. పాస్ అంటే "ఇది నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చింది" అని మాత్రమే. ఆ డొమైన్ మీ బ్యాంకుదేనన్న హామీ అందులో లేదు.

ఇక జీమెయిల్. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిస్తే ఈ పనికి నాలుగింటిలోనూ ఇదే మెరుగు. పేరు పక్కనే చిరునామా పూర్తిగా కనబడుతుంది, ఏమీ నొక్కక్కర్లేదు. పంపినవారి పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో "మెయిల్డ్-బై", "సైన్డ్-బై" అని రెండు వరుసలుంటాయి. మొదటిది కవరు డొమైన్, రెండోది సంతకం చేసిన డొమైన్. సైన్డ్-బై దగ్గర మీ బ్యాంకు డొమైన్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మెయిల్డ్-బై దగ్గర వేరే పేరుంటే కంగారు పడనక్కర్లేదు, బ్యాంకులు తరచూ మెయిల్ పంపే కంపెనీల ద్వారా పంపుతాయి. పంపినవారి బొమ్మ స్థానంలో ప్రశ్న గుర్తు ఉంటే ఆ మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో జీమెయిల్ నిర్ధారించుకోలేకపోయిందని అర్థం. బ్యాంకు మెయిల్‌కు అది ఉండనే కూడదు. 2024 ఫిబ్రవరి నుంచి భారీగా (జీమెయిల్ లెక్కలో రోజుకు 5000కు మించి) మెయిళ్లు పంపేవాళ్లకు జీమెయిల్, యాహూ మూడు పరీక్షలూ తప్పనిసరి చేశాయి. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా తన ఉచిత మెయిల్ ఖాతాలకు అదే నియమం తెచ్చింది. కాబట్టి ఇవాళ ప్రశ్న గుర్తుతో వచ్చిన "బ్యాంకు మెయిల్"కు సాకు చెప్పుకునే దారి లేదు.

ఇంకా లోతుకు వెళ్లాలంటే మెయిల్ కుడివైపు మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" ఉంటుంది. కొత్త ట్యాబ్‌లో పైన ఒక పట్టిక, కింద ముడి పాఠం (హెడర్లు అనే దాగున్న వివరాలతో సహా మెయిల్ అసలు రూపం) వస్తాయి. మీ బ్యాంకు డొమైన్ "మనబ్యాంక్.కామ్" అనుకుందాం. ఒక నకిలీ మెయిల్‌కు ఆ పట్టిక ఇలా కనబడుతుంది:

ఫ్రమ్: మనబ్యాంక్ కస్టమర్ కేర్, అలర్ట్స్@మనబ్యాంక్-సెక్యూర్.కామ్
ఎస్‌పీఎఫ్: పాస్
డీకిమ్: పాస్, డొమైన్ మనబ్యాంక్-సెక్యూర్.కామ్
డీమార్క్: పాస్

మూడు పాస్‌లు చూసి సంతోషపడి ట్యాబ్ మూసేస్తే పని చెడినట్టే. చూడాల్సింది పాస్ అన్న మాటను కాదు, దాని పక్కనున్న డొమైన్‌ను. అడ్డగీత పెట్టి తగిలించిన "సెక్యూర్" మొత్తం కథ చెప్పేస్తోంది. మనబ్యాంక్-సెక్యూర్.కామ్‌కు మనబ్యాంక్.కామ్‌తో ఏ చుట్టరికమూ లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. అదే అలర్ట్స్.మనబ్యాంక్.కామ్ అయితే బ్యాంకుదే, ఎందుకంటే చుక్కతో ముందు చేరిన పేరును డొమైన్ యజమాని మాత్రమే ఇవ్వగలడు. అడ్డగీతకూ చుక్కకూ ఉన్న ఈ తేడా తెలిస్తే సగం నకిలీలు అక్కడే దొరికిపోతాయి.

ముడి పాఠంలోకి దిగితే ఒక జాగ్రత్త. "అథెంటికేషన్-రిజల్ట్స్" అన్న వరుస ఒకటికి మించి కనబడొచ్చు. మన మెయిల్ సేవ రాసిన వరుస, అంటే దాని సర్వర్ పేరుతో మొదలయ్యేది, ఒక్కటే నమ్మదగింది. మిగతావి పంపినవాడే ముందుగా రాసి పెట్టి ఉండొచ్చు. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే "రిసీవ్డ్" వరుసలను కిందనుంచి పైకి చదవాలి, అడుగుది అన్నిటికన్నా పాతది, అందులోనూ అబద్ధం ఉండొచ్చు. మన జవాబు ఎక్కడికి వెళ్తుందో చెప్పే "రిప్లై-టు" దగ్గర వేరే చిరునామా ఉందా, అదేదైనా ఉచిత మెయిల్ ఖాతానా అన్నది కూడా చూడాలి.

ఇంత పొగిడిన జీమెయిలే ఫోన్‌లోకి వచ్చేసరికి చల్లబడిపోతుంది. పైన పేరు మాత్రమే. పేరు కింద గ్రహీత వరుస నొక్కితే చిరునామా, ఇంకోసారి భద్రతా వివరాలు నొక్కితే మిగతావి. షో ఒరిజినల్ ఫోన్ యాప్‌లో లేనే లేదు. చిన్న తెర, ఒక చేత్తో పట్టుకున్న ఫోన్, సగం ధ్యాస. ఫిషింగ్‌కు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు, సరిగ్గా అక్కడే డొమైన్‌ను దాచారు. దీపం కిందే చీకటి అంటే ఇదే. అనుమానం వస్తే ఫోన్‌లో తేల్చాలని కూర్చోకండి. మెయిల్‌ను అలాగే వదిలి కంప్యూటర్‌లో తెరవండి.

నీలి టిక్ గురించి వేరుగా చెప్పాలి. 2023 మేలో జీమెయిల్ కొన్ని సంస్థల పేర్ల పక్కన నీలి టిక్ పెట్టడం మొదలుపెట్టింది. దాని వెనకున్న ప్రమాణం పేరు బిమి. సంస్థ తన డీమార్క్‌ను గట్టిగా అమర్చుకోవాలి, లోగో తనదేనని ఒక సర్టిఫికెట్ సంస్థ దగ్గర రుజువు చేసుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ మొదలైన కొద్ది వారాల్లోనే ఒక పెద్ద పార్సిల్ కంపెనీ పేరుతో వచ్చిన నకిలీ మెయిల్‌కు టిక్ పడింది, ఎస్‌పీఎఫ్ ఒక్కటీ దాటితే చాలన్న చోట సందు దొరికింది. ఆ తర్వాత గూగుల్ డీకిమ్ సంతకం కచ్చితంగా ఉండాలని బిగించింది. ఇప్పుడు టిక్ ఉంటే మంచి సూచనే. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, ఎన్నో అసలు బ్యాంకులు ఆ సర్టిఫికెట్ కొనలేదు. టిక్ లేని బ్యాంకు మెయిల్‌ను నకిలీ అనడం ఎంత తప్పో, పేరు పక్కన ఒక టిక్ ఎమోజీ అతికించిన మెయిల్‌ను నమ్మడం అంతకు రెట్టింపు తప్పు. పేరు గడిలో ఏ గుర్తైనా టైపు చేయొచ్చు. అసలు టిక్ మీద కర్సర్ పెడితే యజమాని నిర్ధారణ అయినట్టు చిన్న వివరణ వస్తుంది, అతికించిన దానికి రాదు. ఇక 2024 నుంచి కొత్త రకం సర్టిఫికెట్‌తో లోగో మాత్రం వస్తుంది, టిక్ రాదు. గుండ్రటి లోగో కనబడినంత మాత్రాన టిక్ ఉన్నట్టు కాదు.

యాపిల్ మెయిల్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఆ శుభ్రతే ఇక్కడ చిక్కు. ఐఫోన్‌లో పేరు మాత్రం కనబడుతుంది. పేరు మీద ఒకసారి నొక్కితే అది లింకుగా మారుతుంది, మళ్లీ నొక్కితే చిరునామా వస్తుంది. ముడి హెడర్లు చూసే మార్గం ఐఫోన్ మెయిల్‌లో లేదు. దొంగలకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే పేరు గడిలోనే ఒక చిరునామాను టైపు చేసి పంపుతారు. మీకు కనబడే "అలర్ట్స్@మనబ్యాంక్.కామ్" నిజానికి చిరునామా కాదు, పంపినవాడి పేరు! అసలు చిరునామా దాని వెనక మరేదో ఉంటుంది. పేరు స్థానంలో చిరునామా కనబడితే తప్పకుండా నొక్కి చూడాలి. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి బిమి లోగోలు వస్తున్నాయి గానీ చిన్నగా, గమనింపు లేకుండా ఉంటాయి.

మ్యాక్‌లో పరిస్థితి నయం. మెయిల్ సెట్టింగ్స్‌లో "వ్యూయింగ్" ట్యాబ్ తెరిచి "యూజ్ స్మార్ట్ అడ్రెసెస్" అన్న దాని టిక్ తీసేయండి. ఇక పేరుతోపాటు పూర్తి చిరునామా ఎప్పుడూ కనబడుతుంది. ఈ ఒక్క మార్పుతో యాపిల్ మెయిల్ పాసు మార్కుల నుంచి మంచి మార్కులకు ఎక్కుతుంది, మొదటినుంచీ అలాగే ఎందుకు ఇవ్వలేదో కంపెనీకే తెలియాలి. ముడి పాఠం కావాలంటే ఆప్షన్, కమాండ్, యు మూడూ కలిపి నొక్కాలి. జీమెయిల్‌లా పైన పట్టిక ఉండదు, "అథెంటికేషన్-రిజల్ట్స్" మనమే వెతుక్కోవాలి.

అవుట్‌లుక్ ఒకటి కాదు, నాలుగైదు. వెబ్, కొత్త యాప్, పాత డెస్క్‌టాప్, ఫోన్, ఒక్కోదానిలో ఒక్కో తీరు. సంస్థల ఖాతాల్లో, అడ్మిన్ ఆన్ చేసి ఉంటే, పైన "ఈ చిరునామా నుంచి మీకు తరచుగా మెయిల్ రాదు" అన్న పట్టీ వస్తుంది. ఈ పనికి నాలుగు యాప్‌లలో ఉన్న హెచ్చరికల్లో ఎక్కువ విలువైనది ఇదేనని మా అభిప్రాయం. ఏళ్లుగా మీకు మెయిళ్లు పంపుతున్న బ్యాంకు "తరచుగా పంపనివాడు" ఎలా అవుతుంది? ఆ పట్టీని పట్టించుకోకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. బ్యాంకు మెయిల్ మీద అది కనబడితే అక్కడే ఆగిపోవాలి.

పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ఒక మంచి కిటుకుంది. అనుమానపు మెయిల్‌ను జంక్ ఫోల్డర్‌లోకి లాగి పడేయండి. అక్కడ అది లింకులను పనిచేయకుండా చేసి, మెయిల్‌ను సాదా అక్షరాల్లోకి మార్చి చూపిస్తుంది. బటన్ వేషం ఊడిపోయి, వెనకున్న అసలు లింకు బట్టబయలవుతుంది. హెడర్లు మాత్రం ఫైల్ మెనూలో ప్రాపర్టీస్ కింద చిన్న గడిలో ఇరుక్కుని ఉంటాయి, అక్కడ చదవడం కన్నా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో చదవడం మేలు. వెబ్‌లో మూడు చుక్కల మెనూ, వ్యూ, ఆ తర్వాత మెసేజ్ సోర్స్. మైక్రోసాఫ్ట్ తన తీర్పును "కాంప్‌ఆథ్" అన్న మాట దగ్గర రాస్తుంది. అక్కడ ఫెయిల్ ఉంటే ఇక చర్చ అనవసరం.

సంస్థలు డబ్బు కట్టి తీసుకునే సేఫ్ లింక్స్ అన్న మైక్రోసాఫ్ట్ రక్షణ వల్ల ఒక దుష్ఫలితం ఉంది. మెయిల్‌లోని ప్రతి లింకునూ అది మైక్రోసాఫ్ట్ చిరునామాగా మార్చేస్తుంది. నొక్కిన క్షణాన మళ్లీ తనిఖీ చేయడానికి అది మంచిదే. కానీ కొన్ని చోట్ల కర్సర్ పెట్టి చూసేవాడికి కనబడేది బారెడు పొడవున్న వరుస మాత్రమే. లింకును చూసి నొక్కమని ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేదీ అదే సంస్థ, లింకును చూడనీయకుండా చేసేదీ అదే సంస్థ.

థండర్‌బర్డ్ వాడేవాళ్లు తక్కువ, ఈ పనికి మాత్రం నిజాయతీగా ఉంటుంది. చిరునామా దాచదు, కంట్రోల్, యు కలిపి నొక్కితే ముడి పాఠం వస్తుంది, వ్యూ మెనూలో మెసేజ్ బాడీని ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చితే వేషాలన్నీ పోతాయి. దాని "ఇది మోసం కావచ్చు" అన్న హెచ్చరిక మాత్రం అరుపుల పుట్ట. కనబడే లింకుకూ అసలు లింకుకూ తేడా ఉంటే చాలు అరుస్తుంది, నిజమైన వార్తాలేఖల మీద కూడా. నాలుగు రోజుల్లో చెవులు మూసుకోవడం అలవాటైపోతుంది, ఐదో రోజు పులి వస్తే ఎవరూ లేవరు.

ఇక లింకుల సంగతి. కర్సర్ పెట్టి చూడమన్న సలహా మంచిదే గానీ బ్యాంకులే దాన్ని చెడగొట్టాయి. ఎంతమంది నొక్కారో లెక్క పెట్టుకోవడానికి అసలు బ్యాంకు మెయిళ్లలోనూ లింకులు వేరే కంపెనీ డొమైన్ మీదుగా వెళ్తాయి. అప్పుడు అసలుదీ నకిలీదీ చూపుకు ఒకేలా ఉంటాయి. అయినా చదవడం రావాలి. లింకులో రెండు స్లాష్‌ల తర్వాత మొదలయ్యే పేరును తీసుకుని, తర్వాత వచ్చే మొదటి ఒంటరి స్లాష్ దగ్గర ఆగి, అక్కడనుంచి వెనక్కి చదవాలి. మనబ్యాంక్.కామ్.లాగిన్-వెరిఫై.టాప్ అన్న దాని యజమాని లాగిన్-వెరిఫై.టాప్, ముందున్న మనబ్యాంక్ అలంకారం. మధ్యలో యాట్ గుర్తు ఉంటే దాని ముందున్నదంతా దండగ, తర్వాతదే అసలు చోటు. ఇంగ్లిష్ అక్షరాలు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనబడుతుంది, ఫోన్ తెర మీద తేడా పోల్చడం మహా కష్టం. వేరే లిపిలోని ఒకేలాంటి అక్షరాలతో చేసిన డొమైన్‌ను బ్రౌజర్లు చాలావరకు పట్టుకుని, ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే గజిబిజి రూపంలో చూపిస్తాయి. అలాంటిది కనబడితే వెనుదిరగాలి.

బ్రౌజర్ అడ్రస్ బార్‌లోని తాళం బొమ్మను నమ్మే కాలం ఎప్పుడో పోయింది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ నిమిషాల్లో ఉచితంగా వస్తుంది, దొంగ సైటుకూ వస్తుంది. క్రోమ్ 2023లో ఆ తాళాన్నే తీసేసి వేరే గుర్తు పెట్టింది. ఫోన్‌లో లింకు మీద వేలు నొక్కి పట్టుకుంటే చిరునామా వస్తుంది గానీ, ఐఫోన్‌లో ప్రివ్యూ ఆన్ అయి ఉంటే ఆ పేజీ కూడా లోడవుతుంది. ముందు ప్రివ్యూ ఆఫ్ చేసుకోవాలి.

అనుమానపు లింకును వైరస్‌టోటల్ లాంటి తనిఖీ సైటులో వేసి చూసే అలవాటు కొందరికి ఉంది. అక్కడ ఎర్రగా వస్తే నమ్మొచ్చు. పచ్చగా వస్తే మాత్రం నమ్మకూడదు. దొంగ సైట్లు తనిఖీ యంత్రాలకు ఖాళీ పేజీ, మనుషులకు లాగిన్ పేజీ చూపిస్తాయి. పైగా చాలా లింకుల చివర హ్యాష్ గుర్తు తర్వాత మీ మెయిల్ చిరునామా ఉంటుంది, నేరుగానో సంకేత రూపంలోనో. పేజీ తెరవగానే మీ చిరునామా ముందే నిండి ఉండటం వెనకున్న రహస్యం అదే. దాన్ని అలాగే తీసుకెళ్లి బహిరంగ తనిఖీలో వేస్తే మీ చిరునామా అందరికీ కనబడుతుంది. హ్యాష్ నుంచి చివరి దాకా చెరిపేసి వేయాలి. అంతకన్నా మంచి ఆధారం డొమైన్ వయసు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ ఉచిత లుకప్ పేజీలో డొమైన్ వేస్తే ఎప్పుడు నమోదైందో వస్తుంది. వారం కిందట పుట్టిన డొమైన్ నుంచి బ్యాంకు మెయిల్ రాదు.

ఈ నాలుగు యాప్‌లలో ఏదీ పట్టలేని రకాలు కొన్ని ఉన్నాయి. ఒకటి, లింకే లేని మెయిల్. పేరున్న చెల్లింపు సేవలో దొంగ ఖాతా తెరిచి, మీ పేరుతో ఇన్‌వాయిస్ పంపుతాడు. నోట్ గడిలో "ఈ లావాదేవీ మీది కాకపోతే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాస్తాడు. మెయిల్ నిజంగా ఆ సేవ నుంచే వస్తుంది, డొమైన్ అసలుది, సంతకం అసలుది, మూడు పాస్‌లూ నిజమే. అబద్ధం ఆ నంబరు ఒక్కటే. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయకూడదు, కార్డు వెనక ముద్రించిన నంబరుకే చేయాలి.

రెండు, క్యూఆర్ కోడ్ ఉన్న పీడీఎఫ్. అందులోని లింకు బొమ్మ కాబట్టి ఎన్నో వడపోతలు చదవలేవు. పైగా మిమ్మల్ని కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మళ్లిస్తుంది, అక్కడ రక్షణలు తక్కువ. మూడు, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) లేదా ఎస్‌వీజీ (ఒక రకం బొమ్మ) అటాచ్‌మెంట్. లాగిన్ పేజీ ఆ ఫైల్‌లోనే ఉంటుంది, మీ డిస్క్ మీంచే తెరుచుకుంటుంది, అడ్రస్ బార్‌లో డొమైన్ అన్నదే కనబడదు. స్టేట్‌మెంట్ అంటూ ఆ రెండు రకాల ఫైల్ వస్తే తెరవకుండా తీసేయడమే. మెయిల్‌లోని పాఠం చూడ్డానికి మామూలుగా ఉండి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే పదాల మధ్య సంబంధం లేని అక్షరాలు తేలితే, వడపోతను మోసం చేయడానికి కనబడని పాఠం దూర్చారని అర్థం. అసలు బ్యాంకుకు ఆ అవసరం ఉండదు.

వన్ టైమ్ పాస్‌వర్డ్ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఎవిల్‌జిన్‌ఎక్స్ లాంటి కిట్లు మీకూ అసలు సైటుకూ మధ్య కూర్చుని మీరు కొట్టిన ఓటీపీని అప్పటికప్పుడే అసలు సైటుకు అందిస్తాయి, తిరిగొచ్చిన సెషన్ కుకీని (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టే ముక్కను) దాచుకుంటాయి. వీటి దగ్గర బోల్తా పడనివి ముఖ్యంగా రెండు: పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవులు), పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లను దాచి, నింపే యాప్). పాస్‌కీ డొమైన్‌కు ముడిపడి ఉంటుంది, వేరే డొమైన్ మీద మనం పొరబడి ప్రయత్నించినా అది పనిచేయదు. పాస్‌వర్డ్ మేనేజర్‌ది కూడా అదే గుణం. మనిషి కంటికి ఆర్, ఎన్ కలిసి ఎమ్‌లా కనబడతాయేమో గానీ దానికి కనబడవు. ఎప్పుడూ తనంతట తానే నింపే మేనేజర్ ఈసారి మొరాయిస్తే అది చెడిపోయిందనుకుని పాస్‌వర్డ్‌ను చేత్తో కాపీ చేసి అతికించకండి. ముందు అడ్రస్ బార్ చదవండి. ఈ సమీక్షలో ఏ మెయిల్ యాప్‌కూ ఇవ్వని పూర్తి మార్కులు దీనికి ఇస్తాం, నిజానికి ఇది పోటీలోనే లేదు.

నొక్కేసినవాళ్లకు రెండు మాటలు. నొక్కి, ఏమీ నింపకుండా మూసేస్తే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయండి, దిగిన ఫైల్ ఉంటే తెరవకుండా తీసేయండి. పాస్‌వర్డ్ కొట్టేస్తే వేరే పరికరం నుంచి బ్యాంకు యాప్ మీరే తెరిచి పాస్‌వర్డ్ మార్చండి, అన్ని సెషన్‌ల నుంచీ లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి సెషన్‌లు వదిలేస్తే దొంగ లోపలే ఉండిపోవచ్చు. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే కార్డు బ్లాక్ చేయించాలి. స్క్రీన్ షేరింగ్ యాప్ ఏదైనా పెట్టించి ఉంటే ముందు నెట్ ఆపేసి, ఆ తర్వాతే మిగతా పనులు. మెయిల్ పాస్‌వర్డ్ కూడా పోయిందన్న అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడాలి. బ్యాంకు హెచ్చరికలను నేరుగా ట్రాష్‌లోకి పంపే ఫిల్టర్ ఒకటి పెట్టి పోవడం దొంగల అలవాటు, మీకు తెలిసేసరికి రోజులు గడుస్తాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు మామూలు ఫార్వర్డ్ వాడొద్దు, హెడర్లు పోతాయి, బ్యాంకు వాళ్లకు చేతికి ఏమీ చిక్కదు. జీమెయిల్ వెబ్‌లో మెయిల్‌ను ఎంచుకుని మూడు చుక్కల్లో "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" నొక్కాలి. పాత అవుట్‌లుక్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్. జీమెయిల్‌లో మెయిల్ తెరిస్తే దాని మూడు చుక్కల మెనూలో "రిపోర్ట్ ఫిషింగ్" వేరుగా, "రిపోర్ట్ స్పామ్" వేరుగా ఉంటాయి. నొక్కాల్సింది మొదటిది. బ్యాంకు చిరునామా మాత్రం అనుమానపు మెయిల్‌లోంచి కాకుండా బ్యాంకు సైటు మీరే తెరిచి తీసుకోవాలి.